ఊపిరి బిగబట్టిన కణాలు

పదిహేడో నంబరు ఎవరో మా ల్యాబులో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆ రక్తం పరీక్ష చేసే హస్లిందా, ఇంకొకరు నేను. వార్డు నుంచి వచ్చే రక్తం ట్యూబుల మీద అంకె ఉంటుంది కానీ పేరు ఉండదు. ఎవరి రక్తమో పరీక్ష చేసేవాళ్ళకి తెలియకూడదని నియమం. అయితే ఆ ట్యూబుల్ని మూడో అంతస్తు నుంచి కిందికి మోసేది నేను. అలా ఒకరోజు పదిహేడో నంబరు ట్యూబు కోసం వెళితే, ఆరో మంచం దగ్గర హస్లిందా నిలబడి ఉండటం చూశాను. మంచం మీద కుర్రాడు మోచేతి మడతలో దూది అదుముకుని ఉన్నాడు. ముక్కూ గడ్డమూ అచ్చం ఆమెవే.

అతని పేరు ఇజ్వాన్. ఆమె తమ్ముడు. ఫెర్రీ ఇంజను గదిలో పని చేసేవాడు. రక్త క్యాన్సర్ ఒకసారి వచ్చి, తగ్గి, ఏడాది తిరగకుండా మళ్ళీ వచ్చింది.

లిఫ్టులో హస్లిందా నా చెయ్యి పట్టుకుంది. "అంకుల్, డాక్టర్ గోకి చెప్పకండి. తెలిస్తే నన్ను ఈ పని నుంచి తీసేస్తారు. వాడి రక్తం వేరేవాళ్ళ చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు."

"నేనెందుకు చెబుతానమ్మా. నేను గ్యాసు మనిషిని."

గ్యాసు మనిషినే. మలేషియాలో పెనాంగ్‌లోని ఆ ఆసుపత్రిలో, డాక్టర్ గో నడిపే ల్యాబులో పదకొండేళ్ళుగా సిలిండర్లు మార్చడం, ఇంక్యుబేటర్లు తుడవడం, ట్యూబులు మోయడం నా పని. మా నాన్న కొబ్బరి ఎస్టేటులో పని చేసేవాడు, నా చదువు ఫారం త్రీ, అంటే తొమ్మిదో తరగతి దగ్గరే ఆగిపోయింది. పేరు సింహాచలం. అది ఇక్కడెవరి నోరూ తిరగక అంకుల్ సిమ్ అయ్యాను. సిమ్ చీనావాళ్ళ ఇంటిపేరు కూడా కావడంతో, ఫోనులో నా పేరు విన్నవాళ్ళు చాలామంది నన్ను చీనావాడిని అనుకుంటారు. ఎదురుపడ్డాక నా మొహం చూసి తడబడతారు.

ఇజ్వాన్ విషయం సోమవారం తేలాలి. కొత్తగా మాత్రలు వచ్చాయి. పరీక్ష దశలో ఉన్న మందు. కణం కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకునే బతుకుతుంది. ఆ మాత్రలు కణం ఊపిరినే పట్టి నొక్కేస్తాయి. వాటిని ఇంట్లోనే వేసుకోవచ్చు, ఆసుపత్రిలో పడి ఉండక్కర్లేదు. కాకపోతే ఒక షరతు ఉంది. ఆ మాత్రలు వాడే ఆరు వారాలూ వేరే మందు ఏదీ ఇవ్వరు. పని చేయకపోతే ఆ ఆరు వారాలు పోయినట్టే. ఇజ్వాన్‌కి వృథా చేసుకోవడానికి ఆరు వారాలు లేవని వార్డు డాక్టరు హస్లిందాకి విడిగా చెప్పాడు.

మాత్రలు వద్దంటే మిగిలింది పాత మందు. చేతికి సూది గుచ్చి, నెలంతా ఒక గదిలో మూసిపెట్టి ఎక్కించేది. పోయిన ఏడాది అది ఎక్కించినప్పుడు ఇజ్వాన్ నోరంతా పుండ్లు పడి, మంచినీళ్ళు మింగలేక ఏడ్చాడు. "మళ్ళీ అది ఎక్కిస్తామంటే కిటికీలోంచి దూకుతాను కక్" అని అక్కతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ నర్సు వెళ్ళి ఆ కిటికీ గడియ సరిచూసుకుంది.

అందుకే ముందు అతని క్యాన్సర్ కణాల మీద మాత్రల మందు పోసి చూడాలి. అవి చస్తే సోమవారం నుంచి మాత్రలు మొదలు. చావకపోతే పాత మందు.

హస్లిందా మూడు ఫ్లాస్కులు పెట్టింది. రెండు మామూలు గాలి ఉండే ఇంక్యుబేటరు పెట్టెలో. ఒకటి తప్పయితే ఇంకొకటి చెబుతుందని రెండు పెడతారు. మూడోది నైట్రోజన్ పెట్టెలో. అందులో ఆక్సిజన్ దాదాపు సున్నా. ఒంట్లో ఎక్కడా అంత తక్కువ ఉండదు. ఊపిరే లేని చోట ఊపిరి నొక్కే మందుకి పని ఉండదు కదా, అందుకని అక్కడ కణాలు బతకాలి. అవి బతికితే మందు నిజంగా ఊపిరి మీదే పని చేస్తోందని రుజువు.

మందు పోసే ముందు రోజు కణాలకి తిండి ఆపుతారు. మామూలు రోజుల్లో వాటికి పోసే పోషణలో పెరగమని చెప్పే పదార్థాలు నానారకాలవి ఉంటాయి. అవి అడ్డొస్తే మందు పనేదో, తిండి పనేదో తెలియదు. అందుకని ఒక రాత్రీ ఒక పగలూ ఉత్త ఉప్పూ చక్కెరా నీళ్ళలో ఉంచుతారు. దాన్ని మా ల్యాబులో 'పువాసా' అంటారు, ఉపవాసం అని. ఫ్లాస్కు మీద ఆ మాటే రాసి అంటిస్తారు. ఆ పేరు పెట్టింది డాక్టర్ గో. ఆవిడ జన్మలో ఒక్కపూట కూడా ఉపవాసం ఉన్న మనిషి కాదు.

అది రంజాన్ నెల. మంగళవారం. హస్లిందా కూడా ఉపవాసమే.

"నువ్వూ నీ కణాలూ కలిసే ఉపవాసం ఉంటున్నారన్నమాట" అన్నాను.

"వాటికి నాలాగా తలనొప్పి రాదు అంకుల్."

సాయంత్రం ఏడు దాటాక ల్యాబులో మేమిద్దరమే మిగిలాం. నైట్రోజన్ అయిపోతే నేను సిలిండరు మారుస్తున్నాను. ఆమె ఫోనులో అజాన్ మోగింది. బల్ల దగ్గర కూర్చుని ఖర్జూరం నోట్లో పెట్టుకుంది. మసీదు నుంచి తెచ్చిన గంజి డబ్బా ఒకటి నావైపు తోసింది. "మీరూ తినండి. ఉపవాసం లేకపోయినా ఆకలి ఉంటుందిగా."

నేను రెండు చెంచాలు తిన్నానో లేదో, ఆమె తన డబ్బా మూత తీయకుండానే లేచి మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళింది. మామూలు గాలి పెట్టెలోని రెండో ఫ్లాస్కు తీసి దాని కింద పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ముడుచుకుపోయాయి అంకుల్."

"ఉపవాసం కదమ్మా మరి."

"ఈ ఫ్లాస్కులోవి మరీను. రేపటికి ఉండేలా లేవు."

ఆ తర్వాత చిన్న ఫ్రీజరు తలుపు తీసిన చప్పుడు విన్నాను. వేలెడంత ట్యూబు చేతిలో పెట్టుకుని, గుప్పిట మూసి, ఒంటి వేడితో కరిగిస్తూ నిలబడింది. నేను గంజి తింటున్నాను. ఆమె పనులు ఆమెవి, నాకేం తెలుస్తాయి.

"ముందు తిను తల్లీ, పొద్దున్నించీ ఏం తినలేదు."

"ఒక్క నిమిషం అంకుల్" అంది, నావైపు తిరగకుండానే.

బుధవారం పొద్దున ఇంక్యుబేటరు తలుపు తుడుస్తూ అద్దంలోంచి చూశాను. మొదటి ఫ్లాస్కులో నీళ్ళు గులాబీ రంగులో అలాగే ఉన్నాయి. రెండోదాంట్లో పసుపు తిరిగాయి. ఆ రంగు సంగతి ల్యాబులో పని చేసే ఎవరికైనా తెలుసు. కణాలు చక్కెర విపరీతంగా తిని పులుపు కక్కితే నీళ్ళు పసుపవుతాయి. మామూలుగా దానికి మూడు రోజులు పడుతుంది. ఇది ఒక్క రాత్రిలో అయింది. అదీ చావబోతున్నాయన్న ఫ్లాస్కులో.

హస్లిందాకి చూపించాను. ఆమె ఫ్లాస్కుని దీపానికి ఎత్తి పట్టుకుంది. సంతోషించిందనే నాకు అనిపించింది. "బతికాయి" అంది. మూడింట్లోనూ మందు పోసింది.

శుక్రవారం పొద్దున డాక్టర్ గో నన్ను పిలిచింది. హస్లిందా సింకు దగ్గర గాజు గొట్టాలు కడుగుతోంది. బల్ల మీద ఒక ఫిల్ము ఉంది. దాని మీద మూడు గళ్ళు, ఒక్కో ఫ్లాస్కులోని కణాలకి ఒకటి. మొదటి గడి ఖాళీగా ఉంది. రెండోదాంట్లోనూ మూడోదాంట్లోనూ నల్లటి పట్టీ.

"సిమ్, మంగళవారం సిలిండరు మార్చింది మీరే కదా?"

"నేనే డాక్టర్."

"మార్చేటప్పుడు ఫ్లాస్కులు బయటికి తీసి, ఒకదాన్ని తప్పు పెట్టెలో పెట్టారా?"

"లేదు. ముట్టుకోలేదు."

"మరి ఇది చూడండి." పెన్నుతో రెండో గడి మీద తట్టింది. "ఈ నల్ల పట్టీ గాలి లేనప్పుడే వస్తుంది. ఈ ఫ్లాస్కు ఉండాల్సింది మామూలు పెట్టెలో. నిండా గాలి. పక్కనే ఉన్న దాని జంట ఫ్లాస్కులో కణాలన్నీ చచ్చాయి. ఇందులో మాత్రం వందకి తొంభై బతికే ఉన్నాయి. గాలి లేని పెట్టెలో ఉన్నట్టే."

"నేను ముట్టుకోలేదు డాక్టర్."

"పదకొండేళ్ళు ఒక్క తప్పూ చేయలేదు మీరు. చేస్తే ఇప్పుడే చేశారు. ఎవరిదో ప్రాణం దీని మీద ఉన్నప్పుడు." గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచదు. అందుకే ఆ మాట ఇంకా బరువుగా తగిలింది. "సరే. రెండోది పారేద్దాం. మొదటిదాని ఫలితం రాసి పంపుతాను. మందు పని చేస్తుంది. సోమవారం మాత్రలు మొదలుపెట్టుకోమంటాను."

సింకులో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. హస్లిందా చేతిలో గొట్టం ఎప్పుడో శుభ్రమైపోయింది.

నేను వెళ్ళి నా పుస్తకం తీశాను. నైట్రోజన్ పెట్టె తలుపు తీసిన ప్రతిసారీ అందులో సమయం రాస్తాను. తలుపు ఒకసారి తీస్తే గాలి మళ్ళీ కుదురుకోవడానికి నలభై నిమిషాలు పడుతుంది. మంగళవారం సాయంత్రం ఆ తలుపు నేను అసలు తీయనే లేదు. మీటరు పెట్టి మామూలు పెట్టెలో గాలి కొలిచాను. ఎంత ఉండాలో అంతే ఉంది. అంటే ఆ కణాలు నిండు గాలిలో కూర్చుని, గాలి లేనట్టు ఉన్నాయి. నా తప్పు కాదని తెలిసినందుకు ఊరట కలగాలి. అది కలగలేదు.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక హస్లిందా వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని కనిపించింది. నేను ఒక మెట్టు కింద కూర్చున్నాను.

"మంగళవారం ఫ్రీజరులోంచి ఏం తీశావమ్మా?"

ఆమె తలగుడ్డ అంచు వేలికి చుట్టుకుంది.

"గ్రోత్ ఫ్యాక్టర్ అంకుల్. పెరగమని కణానికి చెప్పే కబురు. ఒక్క చుక్క వేశాను. నేను ఖర్జూరం తింటున్నాను. అవి మాడిపోతున్నాయి. వాడివి. పిచ్చిపని. అవేంటో నాకు తెలియదా. వాణ్ణి చంపుతున్నవే అవి. అయినా వేశాను."

"ఉపవాసం విడిపించావు."

"ఊఁ."

"దాంతో ఆ నల్ల పట్టీ ఎందుకు వచ్చింది? గాలి ఉంది కదా. నేను కొలిచాను."

ఆమె నాకు ఎప్పుడూ విసుక్కోకుండా చెబుతుంది. ఆరోజూ చెప్పింది. "ప్రతి కణం లోపలా ఒక చెయ్యి, గాలి లేదు, గాలి లేదు అని చీటీలు రాస్తూనే ఉంటుంది అంకుల్. గాలి ఉన్నంతసేపూ ఇంకో చెయ్యి వాటిని చించేస్తూ ఉంటుంది. గాలి ఆగితే చించేది ఆగుతుంది, చీటీలు పేరుకుంటాయి. అప్పుడు కణం ఊపిరి మానేసి, ఉత్త చక్కెర మీద బతకడం మొదలుపెడుతుంది. నేను వేసిన చుక్క రాసే చేతిని రెచ్చగొట్టింది. చించే చెయ్యి చించుతూనే ఉంది, కానీ అందుకోలేకపోయింది. గాలి నిండా ఉన్నా చీటీలు పేరుకున్నాయి."

"అయితే ఊపిరి నొక్కే మందు పోస్తే..."

"పీల్చని ఊపిరిని ఏం నొక్కుతుంది?"

కింద వంటగదిలోంచి వేయించిన రొయ్యల వాసన వస్తోంది. ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఇప్పుడు డాక్టర్‌కి చెబితే ఏమవుతుంది?" అన్నాను.

"ఉపవాసం చెడింది కాబట్టి ఆ ఫ్లాస్కు పారేస్తారు. చెప్పకపోతే మీరు తారుమారు చేశారని పారేస్తారు. ఎలాగైనా మొదటి ఫ్లాస్కే లెక్క. మందు పని చేస్తుందని చెప్పే ఫ్లాస్కు." నావైపు చూసింది. "మీ మీద పడింది అంకుల్, దానికి చెప్పేస్తాను. కానీ మాత్రలు మొదలయ్యాక చెబుతాను. వాడు ఇంటికి వెళ్ళాలి. వాడికి అదొక్కటే కావాలి."

నా మీద పడింది పడనీ అనుకున్నాను. కానీ ఆ పసుపు నీళ్ళు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"నాకు చదువు లేదు, తప్పయితే చెప్పు. ఇక్కడ తిండి ఆపితే ఆగింది. ఒంట్లో వాటికి ఎవరు పెడతారు?"

"మూలుగ పెడుతుంది. ఎముక లోపల ఉంటుందే, అది. ఈ చుక్కే..."

అక్కడ ఆగిపోయింది. నేను వేసిన చుక్క అనబోయి ఉంటుంది.

"రోజూ పెడుతుందా?" అన్నాను.

"ఆపదు" అంది. "ఎప్పుడూ ఆపదు."

మెట్ల మీద నుంచి లేచింది. తిన్నగా డాక్టర్ గో గదికి వెళ్ళింది. తలుపు వేయలేదు కాబట్టి నేను బయటి నుంచి అంతా విన్నాను. ముందు తమ్ముడని చెప్పింది. తర్వాత చుక్క సంగతి. తర్వాత, తమ్ముడి ఒంట్లో జరిగేది అందులో జరిగినట్టేనని, ఆ ఫ్లాస్కు పారేయవద్దని.

డాక్టర్ గో కుర్చీ చప్పుడయింది. "తమ్ముడి కణాల మీద నీ చేత పని చేయించాను నేను. ఎన్నాళ్ళుగా?"

"ఐదు నెలలు డాక్టర్."

"సిమ్‌కి తెలుసా?"

"తెలుసు" అన్నాను గుమ్మంలోంచి.

"చక్కగా ఉంది. నిజం అందనివ్వకుండా మీరిద్దరూ కలిసి నన్నే ఉపవాసం పెట్టారు." ఆవిడ ఎవరి మొహమూ చూడటం లేదు. మళ్ళీ ఫిల్ము చేతిలోకి తీసుకుంది. "హస్లిందా, ఈ పని మీద నువ్వు ఇక లేవు. బల్ల దగ్గరికి రావద్దు. సిమ్, పదిహేడో నంబరువి ఫ్రీజరులో దాచిన కణాలు ఎన్ని మిగిలాయి?"

"ఒక్క ట్యూబు."

"తీయండి. నేనే పెడతాను."

ఆవిడ శుక్రవారమే తన చేత్తో పెట్టి, శనివారం సాయంత్రం మందు పోసింది. ఒకటి ఉపవాసం ఫ్లాస్కు. ఇంకొకటి చుక్క వేసినది. రెండూ మామూలు గాలి పెట్టెలో, పక్కపక్కన. గాలి మీటరు ఆవిడే చూసి, నా పుస్తకంలో ఆవిడే రాసింది. హస్లిందా బయట నడవాలో కూర్చుంది. ఆదివారం కూడా వచ్చి అక్కడే కూర్చుంది. లోపలికి రాకూడదు కదా. నేను తలుపు తెరిచిన ప్రతిసారీ నా మొహం చూసేది. రెండో ఫ్లాస్కు అప్పటికే పసుపు తిరిగిందని నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఆమె అడగలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదికి డాక్టర్ గో మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తింది. "రండి, చూడండి" అంది నన్ను. పదకొండేళ్ళలో అలా పిలవడం అదే మొదటిసారి. ఉపవాసం ఫ్లాస్కులో చితికిపోయిన బూడిదలాంటి చెత్త. రెండోదాంట్లో నానబెట్టిన సగ్గుబియ్యంలా గుండ్రంగా, నిగనిగలాడుతూ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. మందులో రెండు రాత్రులు మునిగి ఉన్నాయవి. నేను చూస్తుండగానే ఒకటి నడుము దగ్గర నొక్కుకుంది. రెండుగా విడిపోవడానికి సిద్ధమవుతోంది.

ఆవిడ వార్డుకి ఫోను చేసింది. రెండే మాటలు చెప్పింది. మాత్రలు వద్దు.

మధ్యాహ్నం కొత్త రక్తం తేవడానికి పైకి వెళ్ళాను. ఇజ్వాన్ బట్టల సంచి మంచం మీద సర్ది ఉంది, చెప్పులు కూడా దాని మీదే పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళడానికి పొద్దున్నే తయారైనట్టున్నాడు. వారంలో తెల్లకణాలు రెండింతలయ్యాయని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్ళాడట.

"అంకుల్, మీ కింది ల్యాబువాళ్ళే కదా నా మాత్రలు ఆపించింది?" అన్నాడు. నవ్వాలని చూశాడు. "ఎవడు వాడు? వాడి ఇల్లు ఎక్కడో చెప్పండి. నేను ఇంజను గది మనిషిని, పానా ఉంది నా దగ్గర."

నేను ట్యూబులు సర్దుకుంటున్నట్టు తల వంచాను. వెనక నుంచి హస్లిందా వచ్చింది.

"నేనే ఆపాను."

"జోకు వేయకు కక్."

"నేనే."

మంచం పక్కన కూర్చుని చెప్పింది. చుక్క సంగతి, పసుపు నీళ్ళ సంగతి, చీటీలు రాసే చేతి సంగతి, అన్నీ. ఆ మాత్రలు వేసుకుని ఉంటే ఆరు వారాలూ అవి లోపల హాయిగా పెరిగేవని చెప్పింది. అతను గోడవైపు చూస్తూ విన్నాడు.

"అంటే వాటికి తిండి పెడుతోంది నేనేనా?" అన్నాడు చివరికి.

ఆమె కాదని చెబుతుందేమో అనుకున్నాను.

"నువ్వే" అంది. "నీ ఎముకలే."

అతను తన మోకాళ్ళవైపు చూసుకున్నాడు. వాటి మీద చేతులు వేశాడు. తీసేశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాల్లోనే ఉంచాడు.

"నీ ఎముకలు పంపే ఆ కబురు నేను ఆపలేను" అంది హస్లిందా. "దాన్ని ఆపే మందు కోసం డాక్టర్ గో బయటి ఊళ్ళకి రాస్తున్నారు. వస్తుందో రాదో తెలియదు. వచ్చేదాకా పాత మందే ఎక్కించుకోవాలి."

"వచ్చేదాకా నేనుంటానా?"

నర్సు స్టాండు తోసుకుంటూ వచ్చింది. దానికి వేలాడుతున్న సంచిలో ఎర్రటి మందు. ఇజ్వాన్ దాన్ని గుర్తుపట్టాడు. బట్టల సంచి మీది చెప్పులు తీసి మంచం కింద పెట్టాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, నర్సుకి కాదు, అక్కకి చాపాడు.

హస్లిందా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా ఉంచింది. నర్సు సూది గుచ్చింది. గొట్టంలో మొదటి ఎర్ర చుక్క దిగింది. దాని వెనకే రెండోది.